సోలార్ రాకముందే ఊరి మ్యాపులో గీసుకోవాల్సిన గీతలు

బెంగళూరు చుట్టుపక్కల పంచాయతీలకు మ్యాపులు గీసిపెట్టడం నా పని. దొడ్డబళ్ళాపుర, హొసకోటె, ఆనేకల్లు వైపు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి నాకు ఫోన్లు కూడా తెలుగులోనే ఎక్కువ వస్తాయి. ఈమధ్య వచ్చేవన్నీ దాదాపు ఒకటే రకం. “మేడం, సోలార్ వాళ్ళు ఎకరాకి ఇంతిస్తాం అంటున్నారు, ఇచ్చేయొచ్చా?” పొలంలో నీళ్ళున్నాయా, ఇప్పుడు సాగు చేస్తున్నదెవరు, సబ్‌స్టేషన్ ఎంత దూరం అని నేను తిరిగి అడుగుతాను. మూడోదానికి మాత్రం టక్కున జవాబు వస్తుంది. ఏజెంటు వాళ్ళకి మొదట చెప్పేది అదే కదా.

ఎవరి పొలం వాళ్ళు ఒంటరిగా బేరమాడుకుంటే మంచి నేల, పనికిరాని నేల రెండూ ఒకే రేటుకి పోతాయి. ఊరంతా కూర్చుని ఎక్కడ వద్దో ముందే మ్యాపు మీద గీసి పెట్టుకుంటే కథ వేరు. ఆ మ్యాపు ఎలా తయారు చేసుకోవాలో, దాన్ని ఎక్కడ ఇవ్వాలో ఇక్కడ రాస్తున్నాను. పంచాయతీ మెంబర్లకు, ఊళ్ళో పొలం ఉండి సిటీలో ఫ్లాటులో ఉంటున్నవాళ్ళకు పనికొస్తుంది.

ముందే ఎందుకు గీసుకోవాలంటే, సోలార్ ప్యానెళ్ళ ప్లాంటు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కిందికి రాదు. క్వారీకో పెద్ద ఫ్యాక్టరీకో పెట్టినట్టు దీనికి ఊళ్ళో బహిరంగ విచారణ పెట్టరు. ఇక ఊరు నోరు తెరవడానికి మిగిలింది గ్రామసభ, మాస్టర్ ప్లాన్ (ఏ నేల దేనికి వాడాలో చెప్పే ప్రభుత్వ ప్లాను) మీద ఇచ్చే ఆక్షేపణ. రెండుచోట్లా నోటిమాటకి విలువ తక్కువ, సర్వే నంబర్లున్న కాగితానికి ఎక్కువ.

ఇదంతా చదివి నేను సోలార్‌కి వ్యతిరేకిననుకోకండి. మా పుట్టిల్లు పావగడ తాలూకా. అక్కడి సోలార్ పార్కు 2,050 మెగావాట్లు, సుమారు 13,000 ఎకరాలు, ఐదు ఊళ్ళ నేల. భూమి కొనలేదు, ఎకరాకి ఏడాదికి 21,000 రూపాయల లెక్కన లీజుకి తీసుకున్నారు. వేరుశనగ వేసి వాన కోసం ఆకాశం చూసే నేలకి అది మంచి డబ్బే. మా బంధువుల్లో ఇచ్చినవాళ్ళని నేను తప్పుపట్టను. కానీ అదే లెక్క పట్టుకొచ్చి బోరులో నీళ్ళున్న హొసకోటె పొలానికి వేస్తే మాత్రం ఊరుకోను.

మ్యాపు, స్కెచ్ పెన్నులు, ఏప్రిల్ నెల

రెవెన్యూ శాఖ వెబ్‌సైటులో ఊరి మ్యాపు దొరుకుతుంది. సర్వే నంబర్ల హద్దులు, చెరువు, కాలువలు, బండిదారి అన్నీ అందులో ఉంటాయి. సిటీలో ప్లాన్లు ప్రింటు చేసే షాపులో పెద్ద సైజులో రెండు కాపీలు తీయించండి. ఒకటి పాడు చేసుకోవడానికి, ఒకటి ఫైనల్. కంప్యూటర్‌లో లేయర్లు వేసేవాళ్ళుంటే మంచిదే, కానీ ఊళ్ళో పెద్దవాళ్ళు వేలుపెట్టి చూపించాలంటే కాగితమే కావాలి. నా అనుభవంలో ల్యాప్‌టాప్ తెరిస్తే సగంమంది వెనక్కి జరుగుతారు, కాగితం పరిస్తే ముందుకొస్తారు.

మొదటి రంగు నీలం. చెరువు, దాని ఆయకట్టు, రాజకాలువ (వాన నీళ్ళు పారే పెద్ద కాలువ), బావులు, నడుస్తున్న బోర్లు. ఈ పని ఏప్రిల్‌లో చేయండి. వానాకాలంలో ఊరంతా పచ్చగానే ఉంటుంది, నీళ్ళెక్కడున్నాయో తెలియదు. ఏప్రిల్ ఎండలో పచ్చగా కనపడిందంటే అక్కడ నీళ్ళున్నట్టే. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల బొమ్మలు కూడా చూడొచ్చు. నాలుగైదు ఎండాకాలాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ సర్వే నంబరు నిలకడగా పండుతోందో తెలిసిపోతుంది.

కోలారు, చిక్కబళ్ళాపుర వైపువాళ్ళు ఇక్కడ మరీ జాగ్రత్తగా ఉండాలి. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కేసీ వ్యాలీ పథకం కింద 2018 నుంచి కోలారు చెరువుల్లోకి పంపుతున్నారు. హెబ్బాళ నాగవార వ్యాలీ నీళ్ళు చిక్కబళ్ళాపుర వైపు వెళ్తున్నాయి. ఆ నీళ్ళు మంచివా కావా అన్నది వేరే చర్చ, దాని మీద నాకూ అనుమానాలున్నాయి. ప్రస్తుతానికి మన లెక్క ఒకటే: చెరువు నిండితే దాని చుట్టుపక్కల బోర్లలో నీళ్ళు లేస్తాయి. అంటే పదేళ్ళ కిందట ఎండిపోయిందని రాసుకున్న నేల ఇవాళ ఎండిన నేల కాకపోవచ్చు. పాత కాగితం చూసి దాన్ని సోలార్‌కి వదిలేయొద్దు.

పహణీలో బీడు, పొలంలో క్యాప్సికం

రెండో రంగు ఆకుపచ్చ, సాగు నేలకి. దీనికి పహణీ, అంటే పొలం ఎవరిది, ఏం పండుతోంది అని రాసి ఉండే రెవెన్యూ రికార్డు కావాలి. ‘భూమి’ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో సర్వే నంబరు కొడితే వస్తుంది. తరి (మాగాణి), ఖుష్కి (మెట్ట), బాగాయత్ (తోట) అని నేల రకం రాసి ఉంటుంది. 11వ కాలమ్‌లో అప్పులు, ఇతరుల హక్కులు, 12లో సాగు, పంట వివరాలు చూడండి.

చూశాక నమ్మకుండా పొలానికి వెళ్ళండి. హొసకోటె దగ్గర ఒక సర్వే నంబరుకి పహణీలో పంట కాలమ్ ఖాళీగా ఉంది. వెళ్ళి చూస్తే గట్టు మీద డ్రిప్ పైపు చుట్టలు, మల్చింగ్ షీటు పరిచిన సాళ్ళు, షీటుకి గుండ్రంగా కోసిన ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో క్యాప్సికం మొక్క. పక్కన ట్రేలు లెక్కపెడుతున్న ఆవిడ నన్ను బ్యాంకు మనిషనుకుని కంగారుపడింది. ఆ పొలం పహణీ పట్టుకుని ఎవరైనా ‘సాగులో లేని భూమి’ అని రిపోర్టు రాస్తే, కాగితం ప్రకారం అది అబద్ధం కూడా కాదు.

దీనికి మందు ఉంది. ప్రతి సీజన్‌లో రైతులే తమ పంట ఫోటో తీసి ఎక్కించే పంట సమీక్ష యాప్ కర్ణాటకలో ఉంది. దాన్ని వాడండి. వాడడం రాకపోతే ఇంట్లో కాలేజీ పిల్లల చేత చేయించండి. రెండు మూడు సీజన్లు వరసగా నమోదైతే ఆ నేలని ‘బీడు’ అనడం ఎవరికీ కుదరదు.

ఇంకో చిక్కు ఉంది. కర్ణాటక భూసంస్కరణల చట్టం వ్యవసాయ భూమిని కౌలుకివ్వడాన్ని, కొద్ది మినహాయింపులు తప్ప, ఒప్పుకోదు. అందుకని గుత్తకి చేసుకునేవాళ్ళ పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఓనరు బెంగళూరులో సంతకం పెడతాడు, పదేళ్ళుగా దున్నుతున్న మనిషికి కంచె పడిన రోజు తెలుస్తుంది. ఆ పేర్లు పంచాయతీ తన దగ్గర విడిగా ఒక జాబితాగా రాసి పెట్టుకోవాలి. చట్టంలో దానికి బలం లేకపోవచ్చు. బేరం దగ్గర మాత్రం ఉంటుంది.

గోమాళం ఖాళీ నేల కాదు

మూడో రంగు గోధుమ. గోమాళం (పశువులు మేసే ఉమ్మడి నేల), ఖరాబు (సాగుకి పనికిరాదని రాసిన నేల), గుండుతోపు (ఊరి ఉమ్మడి తోపు), స్మశానం, బండిదారులు. సర్కారీ నేల కాబట్టి ఎవరికీ నష్టం లేదని అందరూ మొదట చూపించేది దీన్నే. దొడ్డబళ్ళాపుర వైపు ఒక గ్రామసభలో మ్యాపు పరిచి కూర్చున్నాం. యువకులంతా గోమాళం చూపిస్తూ ఇదిచ్చేద్దాం అంటున్నారు. వెనకాల నిలబడ్డ పెద్దాయన ఒకాయన గొంతు పెంచకుండా “మరి నా గొర్లు యాడ మేయల్ల నాయనా?” అన్నాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరికి ఆ గోమాళంలో చెరువు వైపు సగం వదిలేసి, రాతి గుట్ట వైపు సగమే సోలార్‌కి గుర్తుపెట్టారు. గొర్రెలు చెరువుకి వెళ్ళే దారి కూడా గీశారు.

పావగడలో జరిగింది చాలామంది రాశారు, నేనూ కళ్ళారా చూశాను. భూమి ఉన్నవాళ్ళకి లీజు డబ్బు వచ్చింది. భూమి లేనివాళ్ళకి కూలి పోయింది, మేపుకునేవాళ్ళకి మేత పోయింది. ప్లాంటు కట్టేటప్పుడు పని దొరుకుతుంది, కట్టాక కావలసింది సెక్యూరిటీ, గడ్డి కోత, ప్యానెళ్ళు కడగడం, అంతే. కాబట్టి మీ మ్యాపులో గోధుమ రంగు వేసేటప్పుడు ఆ గ్రామసభకి భూమి లేనివాళ్ళు వచ్చారో లేదో చూసుకోండి. రాకపోతే ఇంకోసారి పెట్టండి.

సబ్‌స్టేషన్ చుట్టూ గుండ్రం

ఇప్పుడు కాంపాస్ తీయండి. మీ దగ్గరున్న ప్రతి సబ్‌స్టేషన్ చుట్టూ ఐదు కిలోమీటర్ల గుండ్రం గీయండి. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకంలో ఒక భాగం కింద రైతులు, సంఘాలు అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల వరకు ప్లాంటు పెట్టుకోవచ్చు, అది సబ్‌స్టేషన్‌కి ఐదు కిలోమీటర్లలోపు ఉండాలి. లైను లాగే ఖర్చు, కరెంటు నష్టం వల్ల మామూలు కంపెనీలూ దగ్గర నేలనే వెతుకుతాయి. నేల మంచిదా చెడ్డదా అన్నది వాళ్ళ లెక్కలో చివరికి వస్తుంది. వాళ్ళది వ్యాపారం.

ఆ గుండ్రంలో నీలం, ఆకుపచ్చ, గోధుమ పోగా మిగిలిన తెల్ల భాగమే మీరు చూపించగలిగేది. ఒక మెగావాట్‌కి సుమారు నాలుగైదు ఎకరాలు పడుతుంది. పావగడలో రోడ్లు, సబ్‌స్టేషన్లు అన్నీ కలిపి ఆరుకి పైగా పడింది. తెల్ల భాగం ఇరవై ఎకరాలే ఉంటే మీ ఊరు నాలుగైదు మెగావాట్లు మోస్తుంది. ఇరవై మెగావాట్ల ప్రతిపాదన వస్తే ఆ లెక్క చూపించి వద్దనొచ్చు.

తెల్ల భాగం అసలు లేని ఊళ్ళు కూడా ఉంటాయి. అప్పుడు పైకి చూడండి. పైకప్పు మీద ఒక కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగులు లెక్క. నెలమంగళ, దాబస్‌పేట, హొసకోటె రోడ్ల మీద లక్ష చదరపు అడుగుల గోడౌన్లు ఎన్ని ఉన్నాయో మీరే చూస్తున్నారు. నడిచే దారి, వెలుతురు షీట్లు వదిలేసినా ఒక్కోదాని మీద ముప్పావు మెగావాట్ తేలిగ్గా వస్తుంది. ఒకప్పుడు రాగి పండిన నేల మీదే ఆ గోడౌన్ లేచింది. దాని నెత్తిన ప్యానెళ్ళు పెట్టకుండా పక్కనున్న రాగి చేను కూడా అడగడం ఏం న్యాయమో నాకర్థం కాదు. గోడౌన్లకి కొత్త ప్లాన్ మంజూరు చేసేటప్పుడు పైకప్పు సోలార్ బరువు మోసేలా కట్టాలన్న షరతు పెట్టమని ప్లానింగ్ అథారిటీని రాతపూర్వకంగా అడగండి. కట్టాక షీటు మోయదంటారు, నిజంగానే మోయదు కూడా.

ప్యానెళ్ళ కింద పంట వేయొచ్చు కదా అని అడిగేవాళ్ళున్నారు. వేయొచ్చు. జోధ్‌పూర్‌లోని కాజ్రీ పరిశోధన సంస్థ 105 కిలోవాట్ల ప్లాంటులో వరసల మధ్య పెసర లాంటివి పండించింది. కొచ్చి విమానాశ్రయం ప్యానెళ్ళ మధ్య కూరగాయలు పెంచుతోంది. అయితే ట్రాక్టరు దూరాలంటే ప్యానెల్ ఎనిమిది, పది అడుగుల ఎత్తున ఉండాలి, స్టీలు ఖర్చు పెరుగుతుంది. ఆకుకూరలు, కొత్తిమీర, పశుగ్రాసం నీడని ఓర్చుకుంటాయి. రాగికి మాత్రం ఎండ కావాలి. కంపెనీ ‘కింద వ్యవసాయం’ అని బొమ్మ చూపిస్తే ఎత్తు ఎంత, వరసల మధ్య ఎడం ఎంత, సాగు ఎవరు చేస్తారు అని అడగండి. ఈ మూడూ అగ్రిమెంటులో లేకపోతే ఆ బొమ్మకి విలువ లేదు.

లీజులో చూడాల్సినవి

తెల్ల భాగంలో పొలం ఉన్నవాళ్ళకి నా సలహా: అద్దె ఎంత అన్నదానికంటే ఎలా పెరుగుతుందన్నది ముందు చూడండి. పావగడ ఒప్పందంలో రెండేళ్ళకోసారి ఐదు శాతం. 21,000తో మొదలైతే ఇరవై ఏళ్ళకి సుమారు 34,000 అవుతుంది. అదే ఐదు శాతం ఏటేటా పెరిగితే 55,000 దాటుతుంది. ఒక్క మాట మారితే ఇంత తేడా.

పట్టా దళితులకో గిరిజనులకో సర్కారు ఇచ్చిన భూమి అయితే అలాంటి భూముల బదిలీని అడ్డుకునే 1978 నాటి పీటీసీఎల్ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, లీజు కూడా బదిలీయే. ప్రభుత్వ అనుమతి లేకుండా చెల్లదు. ఏజెంట్లు ‘అది మేం చూసుకుంటాం’ అంటారు. అనుమతి కాపీ చేతికొచ్చేదాకా సంతకం పెట్టొద్దు. ఏడాది దాటిన లీజు ఏదైనా రిజిస్టర్ కావాల్సిందే, నోటరీ స్టాంపు పేపరు సరిపోదు.

ఇక మట్టి. మనవైపు ఎర్రనేలలో పైమట్టి పలచన. చదును చేస్తామని జేసీబీ పెట్టి గీకేస్తే లీజు అయ్యాక తిరిగొచ్చేది గ్రావెలే. నేలని చదును చేయకూడదు, స్తంభాలు నేల వాలుకి తగ్గట్టు దిగ్గొట్టాలి, కాంక్రీటు తప్పనిసరైన చోటే వేయాలి అని రాయించండి. ప్యానెల్ అంచు నుంచి వాన నీరు ఒకే గీత మీద పడి కాలవ కోస్తుంది, కాబట్టి గడ్డి ఉంచాలి, కింది పొలం గట్టు దగ్గర నీళ్ళు దిగే గుంట తవ్వాలి. లేకపోతే కింది రైతుతో రోజూ గొడవే. ప్యానెళ్ళు కడగడానికి ఊరి బోరు నీళ్ళు వాడకూడదని కూడా రాయించండి, తుడిచే యంత్రాలు వచ్చాయి.

చివర్లో తీసేసే ఖర్చు. గడువు అయ్యాక స్తంభాలు, కేబుళ్ళు, కాంక్రీటు ఎవరు పీకాలి? కంపెనీ అప్పటికి చేతులు మారి ఉంటుంది. అందుకే బ్యాంకు గ్యారంటీ అడగండి. 2022 నాటి ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ వ్యర్థాల) నియమాల్లో సోలార్ ప్యానెళ్ళు కూడా చేరాయి, పాతవాటిని పొలంలో పోగేసి వెళ్ళిపోవడం కుదరదు. ఆ మాట అగ్రిమెంటులో ఉంటే మీ పని సులువు.

కాగితం ఎక్కడికి వెళ్ళాలి

సాగు భూమిని వేరే వాడకానికి మార్చాలంటే 1964 నాటి కర్ణాటక భూకందాయ (ల్యాండ్ రెవెన్యూ) చట్టం 95వ సెక్షన్ కింద కన్వర్షన్. బెంగళూరు చుట్టూ నాకు దిగులంతా ఇక్కడే. పావగడలో సోలార్ అయిపోతే మళ్ళీ పొలమే. దేవనహళ్ళి రోడ్డు పక్కన సోలార్ అయిపోతే లేఔట్. ఒకసారి వ్యవసాయేతరం అయిపోయిన నేలకి సైట్లు కోయడం సగం పని అయినట్టే. అందుకని కన్వర్షన్ సోలార్‌కి మాత్రమే, లీజు అయ్యాక నేల తిరిగి వ్యవసాయానికే అన్న షరతు ఆర్డరులో ఉండాలని గ్రామసభ తీర్మానంలో స్పష్టంగా రాయండి.

మాస్టర్ ప్లాన్ విషయానికొస్తే, బీఎంఆర్‌డీఏ (బెంగళూరు మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో ఆనేకల్లు, హొసకోటె, నెలమంగళ, మాగడి, కనకపురకి వేర్వేరు ప్లానింగ్ అథారిటీలున్నాయి, విమానాశ్రయం వైపు బయాపా అనే ప్లానింగ్ అథారిటీ ఉంది. మీ ఊరు దేని కిందుందో తెలుసుకుని దాని జోనల్ రెగ్యులేషన్స్ (ఏ జోన్‌లో ఏం కట్టొచ్చో చెప్పే నియమాలు) తీయండి. వ్యవసాయ జోన్‌లో ఏవి నేరుగా ఒప్పుకుంటారు, ఏవి ప్రత్యేక అనుమతితో ఒప్పుకుంటారు అని రెండు జాబితాలుంటాయి. సోలార్ ఏ జాబితాలో ఉందో, ఏమీ అనకుండా వదిలేశారో చూడండి. ముసాయిదా ప్రకటించినప్పుడు ఆక్షేపణలకు గడువిస్తారు. మీ రంగుల మ్యాపు అప్పటికే సిద్ధంగా ఉండాలి, ఆ గడువులో మొదలుపెడితే సర్వే నంబర్లు రాయడానికే సరిపోతుంది.

ముందే గీసుకోకపోతే ఎంత కష్టమో దేవనహళ్ళి తాలూకా చన్నరాయపట్టణ హోబళి (కొన్ని ఊళ్ళ రెవెన్యూ విభాగం) వాళ్ళని అడగాలి. అది సోలార్ గొడవ కాదు, పారిశ్రామిక పార్కు కోసం 1,777 ఎకరాలు. పదమూడు ఊళ్ళవాళ్ళు మూడేళ్ళకు పైగా ధర్నా చేశాక 2025 జులైలో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అందరికీ అంత ఓపిక, అంత ఐకమత్యం ఉండవు.

ఆక్షేపణ పత్రం ఒక పేజీ దాటకుండా రాయండి, కన్నడలోనే రాయించండి. మొదటి పేరాలో సర్వే నంబర్లు, రెండోదానిలో నీటి వివరం, పంట సమీక్ష నమోదులు, మూడోదానిలో మీరు చూపిస్తున్న ప్రత్యామ్నాయ నేల. ‘వద్దు’ అని మాత్రమే ఉన్న పత్రం ఫైలులో కింద పడిపోతుంది, ‘ఇక్కడ వద్దు, అక్కడ పెట్టండి’ అన్నదాన్ని ఆఫీసరు చదవక తప్పదు. వెనక గ్రామసభ తీర్మానం కాపీ, పీడీఓ (పంచాయతీ అభివృద్ధి అధికారి) సంతకంతో, రంగుల మ్యాపు ఏ3 సైజులో. రెండు సెట్లు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీతో సీలు వేయించుకోండి. కాగితాలు తీసుకునే టపా కౌంటరులో లంచ్ టైమ్ అంటే కూర్చోండి, సీలు లేకుండా రావద్దు.